శనివారం ఫైలు: ఉపాధి కేంద్రంలో మా శిక్షణ అనుభవం

అనంతపురంలో నేను కౌన్సిలర్‌గా పనిచేసే ఉపాధి సహాయ కేంద్రాన్ని ఒక స్వచ్ఛంద సంస్థ నడుపుతున్నది. అద్దె భవనంలో మూడు గదులు, తొమ్మిది మంది సిబ్బంది. పల్లెలు తిరిగి పని కోసం చూస్తున్న యువతీ యువకులను కేంద్రానికి రప్పించే మొబిలైజర్లు ముగ్గురు. వచ్చినవారితో మాట్లాడి, వారి చదువూ ఇంటి పరిస్థితీ తెలుసుకుని, ఏ పనికి పంపితే నిలబడతారో తేల్చవలసిన కౌన్సిలర్లం ఇద్దరం. కంపెనీల చుట్టూ తిరిగి ఖాళీలు సంపాదించే ప్లేస్‌మెంట్ ఉద్యోగులు ఇద్దరు. వివరాలన్నీ కంప్యూటరులోకి ఎక్కించే ఆపరేటర్ ఒకరు. అందరి మీదా మేనేజరు. రెండేళ్ల కిందట జూన్ నుంచి డిసెంబరు వరకు మా తొమ్మిది మందికీ శిక్షణ జరిగింది. అందులో ఏది పనికివచ్చిందో, ఏది ఖర్చు రాసుకోవడానికి మాత్రమే మిగిలిందో ఇప్పుడు చెప్పగలననే ధైర్యంతో ఇది రాస్తున్నాను.

శిక్షణకు ముందు మా కేంద్రంలో గోడ మీద ఒక పట్టిక ఉండేది. ఎవరు ఎంతమందిని తెచ్చారు, ఎంతమందికి ఉద్యోగం చూపించారు అనే లెక్క పేర్లవారీగా అందులో ప్రతి సోమవారం మారేది. ఆ పట్టిక మా మధ్య చేసిన పని ఇంతా అంతా కాదు. చేరిన నెలకే ఎవరైనా ఉద్యోగం మానేసి ఊరికి వచ్చేస్తే, సరైన పిల్లలను తేలేదని కౌన్సిలర్లం మొబిలైజర్లను అనేవాళ్ళం. సరిగా నచ్చచెప్పి పంపలేదని ప్లేస్‌మెంట్ వాళ్ళు మమ్మల్ని అనేవారు. మంచి కంపెనీ చూడలేదని మొబిలైజర్లు ప్లేస్‌మెంట్ వాళ్ళను అనేవారు. ముగ్గురిలో ఎవరూ మానేసిన పిల్లవాడికి ఫోన్ చేసి మాట్లాడేవారు కాదు. 2019లో ఎర్రమంచి దగ్గర కియా కార్ల ఉత్పత్తి మొదలైన తరువాత మా కేంద్రానికి వచ్చేవారిలో చాలామంది కుర్చీలో కూర్చోకముందే "కియాలో ఉందా మేడమ్?" అని అడుగుతున్నారు. లేదంటే లేచిపోతారనే భయంతో మేమూ తొందరపడి ఏదో ఒక కంపెనీ పేరు చెప్పేవాళ్ళం. అట్లా పంపినవారు ఎక్కువ రోజులు నిలవకపోవడంలో వింత ఏమీ లేదు.

జూన్ రెండో వారంలో మేనేజరు సార్ మమ్మల్నందరినీ పిలిచి, ఈ ఏడాది సిబ్బంది శిక్షణకు డబ్బు మంజూరైందనీ, మొదట ఒకరోజు "టీమ్ బిల్డింగ్" ఉంటుందనీ చెప్పారు. ఊరి బయట ఒక మామిడితోటకు తీసుకువెళ్ళారు. బెలూన్లు ఊది కాళ్ళకు కట్టుకుని ఎదుటివారి బెలూను పగలగొట్టడం, కళ్ళకు గంతలు కట్టుకుని తాడు పట్టుకుని నడవడం, వెనక్కి వాలితే పక్కవారు పట్టుకోవడం వంటివి సాయంత్రం దాకా ఆడించారు. భోజనం బాగుంది, ఓళిగలు కూడా పెట్టారు. అయితే వెనక్కి వాలే ఆటలో మా పెద్ద మొబిలైజర్ అన్న వాలనే లేదు. ఎందుకన్నా అని అడిగితే, "ఈడ పట్టుకుంటారు సరే, సోమవారం ఆ గోడ కాడ పట్టుకుంటారా?" అన్నాడు. అందరం నవ్వాము. సోమవారం పట్టిక మారింది, మాటలు మళ్ళీ మామూలే.

జూలైలో వచ్చిన రెండు రోజుల తరగతి మాత్రం వేరుగా ఉండింది. చెప్పడానికి వచ్చినావిడ చాలా ఏళ్ళు ఉపాధి రంగంలోనే పనిచేసి వచ్చినవారు. ప్రభుత్వ ఉపాధి కార్యాలయాల అధికారులకు శిక్షణ ఇవ్వడానికి కేంద్ర ప్రభుత్వం 1964లోనే ఒక ప్రత్యేక సంస్థను పెట్టిందనీ, మనుషులకు పని చూపించడం కూడా నేర్చుకోవలసిన విద్యే అని అప్పుడే గుర్తించారనీ ఆమె మొదట చెప్పారు. మాలాంటి సంస్థలలో అయితే చేరిన మరునాడే కుర్చీ చూపించి, ఎదురుగా అభ్యర్థిని కూర్చోబెడతారు. నేను అట్లా కూర్చుని అప్పటికి ఆరేళ్ళయింది, నాకు అంతా వచ్చనే అనుకునేదాన్ని.

ఆమె పని మానేసి వచ్చిన కుర్రవాడి వేషం కట్టి, నన్ను కౌన్సిలర్‌గా మాట్లాడమన్నారు. పది నిమిషాలు మాట్లాడాను. మిగిలినవారు నా ప్రశ్నలను లెక్కపెట్టారు. మొత్తం 23 ప్రశ్నలు వేశాను, అందులో 19 అవును, కాదు అనే జవాబుతో ముగిసిపోయేవి. "ఇంటి మీద బెంగ పడ్డావా? పని కష్టమనిపించిందా? సూపర్‌వైజర్ తిట్టాడా?" అంటూ జవాబులు కూడా నేనే అందిస్తున్నానని నాకు అంతవరకు తెలియదు. ఒకే ఒక్కసారి ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు ఆ కుర్రవాడు, అంటే ఆమె, "మా నాయనకు బాగలేదు మేడమ్" అన్నారట. నేను దానిని దాటుకుని తరువాతి ప్రశ్నకు పోయాను. నాకు వినబడలేదు, ఫారంలో తరువాతి గడి చూస్తున్నాను.

మద్యం మాన్పించే చికిత్సలో పనిచేసిన విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో వివరించిన సంభాషణ పద్ధతి నుంచి ఆమె మాకు కొన్ని అలవాట్లు నేర్పారు. ఎదుటివారు చెప్పినదానిని మన మాటల్లో తిరిగి చెప్పి సరేనా అని అడగడం, "ఎందుకు మానేశావు?" అనడానికి బదులు "ఆ రోజు ఏమి జరిగింది, మొదటి నుంచి చెప్పు" అనడం, సలహా ఇచ్చే ముందు ఇవ్వమంటారా అని అడగడం వంటివి అవి. వినడానికి చిన్న విషయాలు, చేయడానికి పోతే నోరు ఊరుకోదు. నాకు ఆ రెండో అలవాటు పట్టుబడడానికి మూడు నెలలు పట్టింది. "ఎందుకు" అనే మాటలోనే నేరం మోపినట్లు ఉంటుందని, పిల్లలు దానికి సంజాయిషీ చెబుతారే తప్ప జరిగినది చెప్పరని ఇప్పుడు రోజూ చూస్తున్నాను.

ఆ రెండు రోజులలోనే మనుషుల ఆసక్తులను ఆరు రకాలుగా విడదీసే హాలండ్ పరీక్ష కూడా చేయించారు. డిగ్రీ పిల్లలకు అది ఉపయోగపడవచ్చును గాని, పదో తరగతి తప్పి, సాయంత్రం ఆరు లోపల ఇంటికి చేరకపోతే మరునాడు పంపని ఇంటి నుంచి వచ్చిన అమ్మాయిని నీకు కళలంటే ఇష్టమా, యంత్రాలంటే ఇష్టమా అని అడగడం నాకు ఇప్పటికీ కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. ఇక 1955లో జోసెఫ్ లుఫ్ట్, హ్యారీ ఇంగమ్ అనే ఇద్దరు తమ పేర్లు కలిపి పెట్టిన "జోహారి కిటికీ" గురించి చెప్పినప్పుడు, మా చిన్న మొబిలైజర్ దానిని జోహార్లు కిటికీ అని రాసుకున్నాడు. నాకు తెలియని నా సంగతి పక్కవారికి తెలిసి ఉంటుందనేది దాని సారం. ఆ పది నిమిషాల ప్రశ్నల లెక్క తరువాత నాకు దానిని ఎవరూ విడమరచి చెప్పనక్కరలేకపోయింది.

ఆగస్టులో ఒకరి పనిని ఇంకొకరు వారం రోజులు చేయాలన్నారు. నాకు పెద్ద మొబిలైజర్ అన్నతో తిరగడం వచ్చింది. కళ్యాణదుర్గం వైపు పల్లెలకు ఆయన బండి మీద పోయేవాళ్ళం. పల్లెకు పోవడమంటే రచ్చకట్ట దగ్గర కరపత్రాలు పంచి రావడమే అనుకునేదాన్ని. ఆయన కరపత్రం జేబులోంచి తీయడానికి ముందు ఆ ఇంట్లో నీళ్ళు తాగుతాడు, వాన సంగతి మాట్లాడుతాడు, గుత్తకు చేసిన చేను ఎన్ని ఎకరాలో కనుక్కుంటాడు. ఒక ఇంట్లో ఇంటర్ చదివిన అమ్మాయి తల్లి జీతం ఎంత అని అడగనే లేదు. "హాస్టల్ తాళంచెవి ఎవురి దగ్గర ఉంటాది? రాత్రి షిఫ్టు అయితే బస్సు యాడ ఆపుతారు? జొరమొస్తే ఎవురు ఫోన్ చేస్తారు?" అని మూడు ప్రశ్నలు వేసింది. నేను ఆరేళ్ళుగా నింపుతున్న ఫారంలో ఈ మూడింటికీ చోటు లేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆ మాట అంటే, అన్న బండి ఆపకుండానే, "నేను మొదటి సంవత్సరమే చెప్పినా మేడమ్, ఆ గడి లేదు కదా అన్నారు మీరు" అన్నాడు. అన్నానో లేదో నాకు జ్ఞాపకం లేదు, కాని అని ఉంటాను.

అదే వారంలో మా ప్లేస్‌మెంట్ సహోద్యోగి నా కుర్చీలో కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నానికి తలనొప్పి మాత్ర వేసుకున్నాడు. తరువాతి వారం నేను అతనితో పెనుకొండ దగ్గర వాహనాల విడిభాగాలు చేసే ఒక కర్మాగారానికి వెళ్ళి, ఒక పూట మొత్తం తయారీ వరుస పక్కన నిలబడ్డాను. పని బరువైనది కాదు, కాని మనిషి నిలబడే ఉండాలి, టీ విరామం తప్ప కూర్చోవడానికి లేదు. అంతకుముందు నేను "తేలిక పని, లోపలే ఉంటుంది, ఎండ ఉండదు" అని చెప్పి పంపినవారందరూ ఆ పూట నా కళ్ళ ముందు మెదిలారు.

అసలు మార్పు సెప్టెంబరులో మొదలైన శనివారం సమావేశాలతో వచ్చింది. పద్ధతి చాలా సాదా. శనివారం మధ్యాహ్నం మూడు గంటలకు తొమ్మిది మందిమీ ఒక బల్ల చుట్టూ కూర్చుంటాము. ఉద్యోగం నిలవని ముగ్గురి ఫైళ్ళు తీస్తాము, ఒక్కొక్కదానికి 20 నిమిషాలు. ఆ అభ్యర్థిని అందరికంటే ముందు కలిసినవారే ముందు మాట్లాడాలి; అంటే చాలాసార్లు మొబిలైజరే. "నీ వల్ల" అనే మాట వాడకూడదు. చివర చేయవలసిన పని ఒకటే రాసుకోవాలి, దాని పక్కన ఒకరి పేరే ఉండాలి. ఇంటి సంగతులు మాట్లాడుకుంటాము కనుక అభ్యర్థిని ముందే అడిగి, ఒప్పుకున్నవారి ఫైలు మాత్రమే తీయాలనే నియమం మేనేజరు సార్ పెట్టారు. అది నాకు చాలా నచ్చింది.

మొదటి రెండు శనివారాలు ఎవరూ నోరు విప్పలేదు. అందరూ మేనేజరు ముఖం చూడడమే. మూడో శనివారం పెద్ద గొడవ జరిగింది, ఒక ప్లేస్‌మెంట్ ఉద్యోగి ఫైలు మూసేసి లేచిపోయాడు. జట్టు కుదురుకునే ముందు కొట్లాట దశ ఒకటి ఉంటుందని బ్రూస్ టక్‌మన్ అనే పరిశోధకుడు 1965లోనే చెప్పాడని జూలై తరగతిలో విన్నాము గనుక, మేనేజరు సార్ బెదరలేదు. నాకు మాత్రం ఆ సిద్ధాంతం ఆ రోజు ఏ మాత్రం ఓదార్పు ఇవ్వలేదు.

ఆ గొడవకు కారణమైన ఫైలు గురించే కొంత వివరంగా చెప్పాలి. ఐటీఐ చదివిన ఒక కుర్రవాడిని నెలకు 14,000 జీతమని చెప్పి పంపాము. మొదటి నెల అతని చేతికి వచ్చింది 10,095. "మీవాళ్ళు మోసం చేసినారు" అని అతని తండ్రి మొబిలైజర్‌కు ఫోన్ చేశాడు, రెండో నెల మధ్యలో కుర్రవాడు వచ్చేశాడు. బల్ల మీద జీతం చీటీ పెట్టి లెక్క వేస్తే మోసం ఏమీ లేదు. మూలవేతనం 10,000 మీద 12 శాతం చొప్పున పీఎఫ్, అంటే భవిష్య నిధి, 1,200. మొత్తం జీతం మీద 0.75 శాతం చొప్పున ఈఎస్‌ఐ, అంటే ఉద్యోగుల బీమా, 105. హాస్టలుకూ భోజనానికీ కలిపి 2,600. ప్లేస్‌మెంట్ ఉద్యోగికి ఇదంతా తెలుసు, కౌన్సిలర్ చెప్పి ఉంటుందనుకున్నాడు. నియామక పత్రం ఇచ్చేటప్పుడు అతనే చెబుతాడని నేను అనుకున్నాను. మొబిలైజర్‌కు ఎవరూ చెప్పలేదు; ఊరిలో 14,000 అని గట్టిగా చెప్పింది అతనే, ఊరిలో తలెత్తుకోలేకపోయిందీ అతనే. గొంతులు లేచింది ఇక్కడే.

తరువాతి శనివారం అదే ఫైలు మళ్ళీ తీశాము. ఈసారి ఎవరు చెప్పలేదు అన్నది వదిలి, ఏమి చెప్పాలి అన్నది మాట్లాడుకున్నాము. పీఎఫ్‌లో కోసినది పోయిన డబ్బు కాదని, కంపెనీ కూడా తన వాటా వేస్తుందని, జీతం 21,000 వరకు ఉన్నవారికి ఈఎస్‌ఐ కింద ఇంటివారికి కూడా వైద్యం ఉంటుందని, మన రాష్ట్రంలో 15,000 దాటితే నెలకు 150, 20,000 దాటితే 200 వృత్తి పన్ను కూడా పోతుందని ఒక కాగితం మీదికి తెచ్చి, దానికి "చేతికొచ్చే జీతం" అని పేరు పెట్టాము. ఇప్పుడు ఆ కాగితం మొదట చేరేది పల్లెకు, మొబిలైజర్ చేతిలో. ఆ కుర్రవాడు మళ్ళీ ఆ కంపెనీకి పోలేదు, కాని అతని తండ్రి ఈఎస్‌ఐ సంగతి విని, "ఈ మాట ముందే చెప్పింటే పిలకాయను ఆన్నే ఉండమందును కదప్పా" అన్నాడట.

ఇంకొకటి శెనక్కాయ సంగతి. అక్టోబరు వచ్చేసరికి మానేసేవారి సంఖ్య పెరగడం ప్రతి ఏడాదీ చూస్తున్నదే. దసరాకు ఇంటికి వచ్చి సోమరిపోతులవుతున్నారని మా గదిలో అనుకునేవాళ్ళం. ఆపరేటర్ గడిచిన మూడేళ్ళ పేర్లను ఊరి పేరుతో కలిపి చూపించినప్పుడు, మొబిలైజర్లు ముగ్గురూ ఒకేసారి నవ్వారు. అవన్నీ శెనక్కాయ వేసే పల్లెలు. జూన్, జూలైలలో విత్తినది అక్టోబరు, నవంబరులలో పీకాలి, కూలీలు దొరకరు, ఇంటి బిడ్డ రాక తప్పదు. వచ్చినవాడు తిరిగి పోవడానికి కంపెనీ ఒప్పుకోదు కనుక మానేసినట్టవుతుంది. ప్లేస్‌మెంట్ వాళ్ళు రెండు కంపెనీలతో మాట్లాడారు. పొలం ఉన్న ఇళ్ళవారిని నవంబరు చివరన చేర్చుకోవడానికి ఒక కంపెనీ ఒప్పుకున్నది, రెండోది మాకు ఆ కథలు చెప్పవద్దన్నది.

నెలకొకసారి మాలో ఒకరు మిగిలినవారికి పాఠం చెప్పాలనే ఏర్పాటు కూడా ఉండింది. నా వంతు చట్టం. ప్రభుత్వ ఉపాధి కార్యాలయంలో కార్డు తీసుకుని పదేళ్ళయినా పిలుపు రాలేదని చెప్పేవారికి, అది దండగ అని మేము నోటికి వచ్చినట్టు చెప్పేవాళ్ళం. పాఠం కోసం చదివితే మాకే సగం తెలియదని తేలింది. యుద్ధం నుంచి తిరిగి వచ్చిన సైనికులకు పని చూపడానికి 1945లో మొదలైన ఆ సేవ 1948లో అందరికీ తెరుచుకున్నది. దాని రోజువారీ నిర్వహణ 1956 నవంబరు 1న, అంటే ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన రోజునే, రాష్ట్రాల చేతికి వచ్చింది. అప్పటికి అమలులో ఉన్న 1959 చట్టం ప్రకారం 25 మంది లేదా అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు కూడా ఖాళీలను ఆ కార్యాలయానికి తెలియజేయాలి, కాని అక్కడి నుంచే మనుషులను తీసుకోవాలనే నిర్బంధం లేదు. పైగా కృష్ణా జిల్లా ఎక్సైజ్ శాఖ నియామకాల కేసులో సుప్రీంకోర్టు 1996లో, కార్యాలయం పంపిన పేర్లతో సరిపెట్టకుండా పత్రికలలో కూడా ప్రకటించి అందరికీ అవకాశం ఇవ్వాలని చెప్పింది. ఇది తెలిసినప్పటి నుంచి కార్డు దండగ అనడం మానేశాము. కార్డు ఉంచుకో, ప్రకటనలూ చూస్తూ ఉండు అంటున్నాము.

ఆపరేటర్ చెప్పిన పాఠం నా పాఠం కంటే బాగుంది. మేమందరం ఫారాలలో పని పేరు దగ్గర "హెల్పర్" అని రాస్తాము. 2015 నాటి జాతీయ వృత్తుల వర్గీకరణలో ప్రతి వృత్తికీ ఎనిమిది అంకెల సంకేతం ఉంటుంది. "వెల్డింగ్ వచ్చినోడూ హెల్పరే, కుట్టు మిషన్ వచ్చినామే హెల్పరే అయితే నేను ఏ నంబరు వేయల్ల మేడమ్?" అని అతను పాత ఫారాలు పరిచి చూపించాడు. రాయదుర్గం జీన్స్ యూనిట్లలో నాలుగేళ్ళు కుట్టిన ఒక అమ్మాయిని నేనే హెల్పర్‌గా రాసి, ప్యాకింగ్ పనికి పంపిన ఫారం అందులో పైననే ఉంది.

డిసెంబరుతో శిక్షణ డబ్బు అయిపోయింది. గోడ మీది పట్టికను పూర్తిగా తీసేయడం మేనేజరు సార్ వల్ల కాలేదు, నిధులిచ్చేవారికి ఆ లెక్క కావాలి. ఆయన దానిని తన గదిలో బీరువా తలుపు లోపలి వైపు అంటించుకున్నారు. శనివారం సమావేశాలు మాత్రం ఆగలేదు, జాబ్ మేళా ఉన్న వారం తప్ప.

జనవరిలో మా ఆపరేటర్‌కు బెంగళూరులో ఉద్యోగం వచ్చింది. ఆఖరి శనివారం అతను మూడో ఫైలుగా తన నియామక పత్రాన్నే బల్ల మీద పెట్టాడు. జీతం 24,000. పెద్ద మొబిలైజర్ అన్న "చేతికొచ్చే జీతం" కాగితం తీసి, జీతం 21,000 దాటింది కాబట్టి ఈఎస్‌ఐ రాదని, ఆరోగ్య బీమా కంపెనీ ఇస్తుందేమో రాసి ఇమ్మని అడగమన్నాడు. ప్లేస్‌మెంట్ సహోద్యోగి మూలవేతనం ఎక్కడ రాశారో వెతికి పీఎఫ్ లెక్క వేశాడు. నేను అద్దె ఎంత అని అడగబోయి ఆగి, అక్కడ ఎట్లా ఉండాలనుకుంటున్నావో మొదటి నుంచి చెప్పు అన్నాను. అతను చెప్పడం మొదలుపెట్టేలోపే చిన్న మొబిలైజర్, "అన్నా, రూము తాళంచెవి ఎవురి దగ్గర ఉంటాది?" అన్నాడు.